మొదటి పియానో పీస్ కట్టారా? అభిప్రాయం ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి

"సార్, సొంతంగా ఒక పీస్ కట్టిన. ఎవరికి వినిపించాలె?" నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కీబోర్డు నేర్చుకుంటున్న పిల్లలు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసే పెద్దలు తరచూ అడిగే మాట ఇది. ఇంట్లో వినిపిస్తే "మంచిగుంది" అంటారు. దోస్తుకు పంపిస్తే "సూపర్" అని వస్తుంది. ఆ తర్వాత పీస్‌లో ఏం మార్చాలో మాత్రం తెలియదు.

ఇందులో వినేవాళ్ల తప్పేమీ లేదు. "ఎట్లుంది?" అని అడిగితే మర్యాదగల మనిషి ఎవరైనా "మంచిగుంది" అనే అంటారు. పనికొచ్చే జవాబు రావాలంటే ముందు పీస్‌ను వినదగ్గట్టు సిద్ధం చేయాలి. తర్వాత ఒక్కొక్కరిని వాళ్లకు తెలిసిన సంగతి మాత్రమే అడగాలి. ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆ పద్ధతే. పియానో ఉన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి 61 కీల కీబోర్డు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 88 కీల డిజిటల్ పియానో ఉన్నా వరుస ఇదే.

## 1. ముందు పీస్‌ను పూర్తి చేయండి

సగం కట్టిన ట్యూన్ వినిపించి అభిప్రాయం అడగొద్దు. వినేవాళ్లు మిగతా సగాన్ని తమ మనసులో కట్టేసుకుంటారు. అప్పుడు వాళ్లు చెప్పేది వాళ్ల పీస్ గురించి అవుతుంది, మీ పీస్ గురించి కాదు.

పూర్తి చేయడమంటే పెద్దగా కట్టడం కాదు. మొదటి పీస్‌కు 16 బార్లు చాలు (బార్ అంటే లెక్కపెట్టిన బీట్ల ఒక గడి). 4/4లో, అంటే బార్‌కు నాలుగు బీట్ల లెక్కలో, నిమిషానికి 72 బీట్ల వేగంతో వాయిస్తే 16 బార్లు నిమిషం లోపే అయిపోతాయి. వినేవాళ్లు విసుగు లేకుండా రెండోసారి వింటారు. మొదటి పీసే ఐదు నిమిషాలు ఉంటే ఎంత ఓపికున్నవాళ్లకైనా ఫలానా చోట అని వేలు పెట్టి చూపించడం కష్టం.

వినిపించే ముందు ఇవి చూసుకోండి:

- మొదలు, మధ్య, ముగింపు మూడూ ఉన్నాయి. ముగింపు దగ్గర "ఇంక ఇట్లనే పోతది" అని నోటితో చెప్పాల్సిన అవసరం లేదు.
- మెట్రోనోమ్ (బీట్‌ను టిక్‌టిక్‌మని లెక్కపెట్టేది) పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించగలుగుతున్నారు.
- వరుసగా రెండుసార్లు వాయిస్తే రెండుసార్లూ అవే నోట్లు వస్తున్నాయి.

మూడోది చాలామంది పట్టించుకోరు. ప్రతిసారీ నోట్లు మారుతుంటే మీ చేతిలో ఉన్నది ఇంకా మనోధర్మమే (అప్పటికప్పుడు అల్లుకునేది), పీస్ కాలేదు. దాన్ని స్థిరపరచుకున్నాకే బయటికి తీయండి.

## 2. కాగితం మీద పెట్టండి

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద నోట్లు రాసే పద్ధతి) వస్తే మంచిది. రాకపోతే అది నేర్చుకునే దాకా ఆగక్కర్లేదు. రూళ్ల నోట్‌బుక్‌లో వరుసకు నాలుగు డబ్బాలు గీసి, ఒక్కో డబ్బాను ఒక్కో బార్ అనుకోండి. డబ్బా పైన కార్డు (కొన్ని నోట్లను కలిపి ఒకేసారి మోగించేది) పేరు, లోపల ట్యూన్ స్వరాలు, మూలన బార్ నంబరు రాయండి. ట్యూన్‌ను సి, డి, ఇ అని రాసినా, సరిగమల్లో రాసినా పరవాలేదు. సరిగమల్లో రాస్తే 'స' ఏ కీ మీద ఉందో పైన తప్పకుండా రాయండి. మన సంగీతం టీచర్ల లెక్కలో 'స' సి మీద ఉంటే ఒకటి శృతి, జి మీద ఉంటే ఐదు, ఎ మీద ఉంటే ఆరు.

అన్నిటికంటే ముఖ్యం బార్ నంబర్లు. నంబరు లేకపోతే వినేవాళ్లు "ఆ మధ్యలో ఎక్కడో" అంటారు. ఉంటే "9వ బార్‌లో" అంటారు. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది.

కంప్యూటర్ ఉంటే నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రాసి పీడీఎఫ్ తీసుకోవచ్చు. అయితే దాని ప్లేబ్యాక్‌ను రికార్డింగ్ బదులు పంపొద్దు. యంత్రం అన్ని నోట్లనూ తడబడకుండా వాయిస్తుంది కాబట్టి మీ చేతికి ఏది కష్టమవుతుందో వినేవాళ్లకు తెలియదు.

## 3. శుభ్రంగా రికార్డు చేయండి

కీబోర్డు సెట్టింగ్‌లతో మొదలుపెట్టండి. మన ప్రాంతంలో ఎక్కువగా జరిగే పొరపాటు ట్రాన్స్‌పోజ్ బటన్ (మొత్తం కీబోర్డు శృతిని పైకీ కిందికీ జరిపేది) దగ్గరే. పాడేవాళ్ల శృతి కోసం ఎప్పుడో +2 పెట్టి ఉంటారు, అది అలాగే ఉండిపోతుంది. మీరు కాగితం మీద సి మేజర్ అని రాస్తారు, రికార్డింగ్‌లో డి మేజర్ వినిపిస్తుంది. సంగీతం తెలిసిన మనిషివి మొదటి పది నిమిషాలు ఈ తికమక తేల్చుకోవడానికే పోతాయి.

- ట్రాన్స్‌పోజ్ 0, ఆక్టేవ్ (ఒక స నుంచి పై స దాకా ఉండే దూరం) 0.
- ఆటో రిథమ్, స్టైల్ ఆపండి. అవి మోగుతుంటే సగం సంగీతం కీబోర్డు కంపెనీవాళ్లది. వినేవాళ్లు దేన్ని మెచ్చుకుంటున్నారో మీకు తెలియదు.
- టోన్ గ్రాండ్ పియానో. స్ట్రింగ్స్, డ్యుయల్, హార్మనీ అన్నీ బంద్.
- టచ్ రెస్పాన్స్ (గట్టిగా కొడితే గట్టిగా, మెత్తగా కొడితే మెత్తగా మోగడం) ఉన్న మోడల్ అయితే ఆన్‌లో పెట్టండి. లేని మోడల్ అయితే ఆ మాట ముందే చెప్పండి. లేకపోతే "అన్ని నోట్లూ ఒకే గట్టిగా ఉన్నాయి" అన్న విమర్శ వస్తుంది, దాన్ని మీరు దిద్దుకోలేరు.

ఇక ఫోను. కీబోర్డు వాల్యూమ్ సగం కంటే కాస్త పైన పెట్టి, ఫోన్‌ను స్పీకర్‌కు మీటరు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. కీబోర్డు పెట్టిన బల్ల మీద పెడితే కీలు కొట్టిన దబదబ కూడా రికార్డవుతుంది. ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. పక్కన బోరు మోటారు నడిచే వేళ, వీధిలో బండ్లు తిరిగే వేళ వద్దు.

ముందు పది సెకన్లు రికార్డు చేసి వినండి. గట్టిగా కొట్టిన చోట శబ్దం బద్దలవుతున్నట్టుంటే వాల్యూమ్ తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.

వీలుంటే చేతులు కనిపించేలా పైనుంచి వీడియో తీయండి. వాయించేవాళ్లు చూస్తే ఏ వేలు ఎక్కడ ఇరుక్కుంటుందో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ముఖం కనిపించక్కర్లేదు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు మైకు గుర్తు నొక్కి వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేయొద్దు. అది మాటల కోసం కుదించిన శబ్దం, పియానో నాదం అందులో పలచబడిపోతుంది. ఫోన్ రికార్డర్‌లో తీసిన ఫైల్‌ను డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి.

## 4. మీ రికార్డింగ్‌కు మొదటి శ్రోత మీరే కావాలి

రికార్డు చేసిన రోజు వినకండి. రెండు రోజులు ఆగి, కీబోర్డు ముందు కాకుండా ఇంకెక్కడైనా కూర్చుని, కాగితం చేతిలో పెట్టుకుని వినండి. వాయిస్తున్నప్పుడు చెవి వేళ్ల వెంట తిరుగుతుంది. ఊరికే కూర్చుని విన్నప్పుడే పీస్ ఉన్నదున్నట్టు వినపడుతుంది.

వేగం కూడా కొలవండి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ తెరిచి, ట్యాప్ బటన్ మీద మొదటి నాలుగు బార్ల బీట్‌ను వేలితో కొట్టండి. చివరి నాలుగు బార్లకు మళ్లీ కొట్టండి. 72తో మొదలై 84తో ముగిసిందంటే మీరు పరుగెత్తుతున్నారు. కొత్తవాళ్లలో చాలామంది తేలికైన చోట పరుగెత్తి, కష్టమైన చోట నెమ్మదిస్తారు. దీన్ని ఇంకొకరితో చెప్పించుకోవాల్సిన పని లేదు, మీరే దిద్దుకుని మళ్లీ రికార్డు చేయండి. వేరేవాళ్ల సమయం మీకు వినపడని సంగతుల కోసం ఉంచుకోండి.

## 5. ఎవరిని అడగాలి

మన దగ్గర పియానో టీచర్లు తక్కువే, కానీ చెవి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నలుగురు నాలుగు రకాలవాళ్లు దొరికితే చాలు. పదిమంది ఒకే రకంవాళ్లు దొరికినా అంత ప్రయోజనం లేదు.

కీబోర్డు వాయించేవాళ్లు. చర్చిలో ఆదివారం వాయించే అన్న, పెళ్లిళ్లకు పోయే ఆర్కెస్ట్రా ప్లేయర్. మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, దేవరకొండ వైపు మెన్నోనైట్ బ్రెదరెన్ చర్చిలున్నాయి, నల్లగొండలోనూ పాత చర్చిలున్నాయి. ఇలాంటి చోట్ల పాట వినగానే కార్డు పట్టేవాళ్లు దొరుకుతారు. వీళ్లను కార్డుల గురించి, ఎడమ చేయి గురించి అడగండి.

కర్ణాటక సంగీతం టీచర్లు. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు, ఏదైనా సరే. వీళ్లను ట్యూన్ గురించి మాత్రమే అడగండి. ట్యూన్ ఎక్కడ చెదిరింది, ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు అన్నది వీళ్లంత బాగా ఎవరూ చెప్పలేరు. "గమకం లేదు" అంటే బాధపడకండి. పియానో కీ ఒక్క స్వరం దగ్గరే నిలుస్తుంది, వీణ తీగలా లాగడం కుదరదు. ఆ ఒక్క మాటను గౌరవంగా పక్కన పెట్టి మిగతావన్నీ రాసుకోండి.

మీ స్థాయిలో నేర్చుకుంటున్న ఇంకొకరు. కాగితం వాళ్ల చేతికిచ్చి వాయించమనండి. మీరు నోరు తెరవొద్దు. వాళ్లు ఆగిన చోట కాగితం తప్పైనా ఉంటుంది, వేళ్లకు అందని దూరమైనా ఉంటుంది.

సంగీతం నేర్చుకోని మనిషి. అమ్మ, తమ్ముడు, పక్కింటి అత్త. వీళ్లను అభిప్రాయం అడగకండి, పరీక్ష పెట్టండి. పీస్ రెండుసార్లు వినిపించి, పది నిమిషాలు ఇంకేదైనా మాట్లాడి, "ఇందాకటి ట్యూన్ కూనిరాగం తీయండి" అనండి. తీసిన ముక్క మీ పీస్‌లో బలమైన ముక్క. ఏమీ గుర్తు రాకపోతే మీ ట్యూన్‌లో మళ్లీ మళ్లీ వినపడే చిన్న పలుకు లేదని అర్థం.

హైదరాబాద్ వంద కిలోమీటర్లే కదా, అక్కడి పెద్ద టీచర్‌కే నేరుగా వినిపిద్దాం అనుకునేవాళ్లున్నారు. వినిపించండి, కానీ రెండో రౌండ్‌లో. ఇక్కడే తేలిపోయే తప్పులతో అంతదూరం పోయి, ఇచ్చిన అరగంటను వాటికే ఖర్చు పెట్టుకోవద్దు.

## 6. ఎప్పుడు అడగాలి

చర్చి ప్లేయర్‌ను ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు అడగొద్దు. డిసెంబరులో అసలే వద్దు, క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో తల ఎత్తే తీరిక ఉండదు. ఆర్కెస్ట్రావాళ్లు పెళ్లి ముహూర్తాల్లో, వినాయక చవితి నవరాత్రుల్లో దొరకరు. మూఢాల్లో, ఆషాఢంలో వాళ్లకు ప్రోగ్రాములు తక్కువ. ఆ రోజుల్లో కూర్చోబెట్టి ఓపికగా చెప్తారు. సంగీతం టీచర్ దగ్గరికి క్లాసు మధ్యలో కాకుండా, పిల్లలు వెళ్లిపోయాక ఫోన్ చేసి వెళ్లండి.

స్కూల్ యాన్యువల్ డే స్టేజీ మీద మొదటిసారి వినిపించి, చప్పట్లను బట్టి అంచనా వేసుకోవడం మాత్రం వద్దు. చప్పట్లు పిల్లవాడి ధైర్యానికి కొడతారు. అవి రావాల్సినవే, కానీ 9వ బార్ గురించి అవి ఏమీ చెప్పవు.

## 7. ఎలా అడగాలి

ఒక్కరికి రెండు ప్రశ్నలు, అంతకు మించొద్దు. రెండూ ఫలానా చోటు గురించి ఉండాలి. పంపే మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుంది:

"అన్నా, నమస్తే. నేను ఈమధ్యనే నేర్చుకుంటున్నాను. 16 బార్ల పియానో పీస్ ఒకటి కట్టాను, నిమిషం లోపే ఉంటుంది. కార్డులు రాసిన కాగితం ఫొటో కూడా పెడుతున్నాను. రెండే అడుగుతున్నా. 9 నుంచి 12వ బార్ దాకా ఎడమ చేతి కార్డుల కింద ట్యూన్ వినపడుతుందా? చివర అయిపోయినట్టు అనిపిస్తుందా, ఇంకా ఏదో రావాలనిపిస్తుందా? ఈ వారంలో మీకు వీలైనప్పుడు చెప్పండి అన్నా, వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు."

ఇందులో మీ స్థాయి, నిడివి, చోటు, గడువు అన్నీ ఉన్నాయి. "తప్పులుంటే క్షమించండి", "ఏదో ట్రై చేసిన" లాంటివి రాయకండి. అవి చూసిన మనిషి ముందు మిమ్మల్ని ఓదార్చాలనుకుంటారు, నిజం చెప్పడం వెనక్కి పోతుంది.

"బాగుందా?" అని అడగాలనిపించినప్పుడు దాని బదులు వీటిలో ఒకటి అడగండి:

- ఎక్కడ మీ ధ్యాస పక్కకు పోయింది?
- ఏ బార్‌లో తప్పు నోటు కొట్టాననిపించింది?
- రెండోసారి వచ్చినప్పుడు ట్యూన్ విసుగనిపించిందా?
- ఇందులో ఒక్క బార్ తీసేయాలంటే ఏది తీసేస్తారు?

నాలుగో ప్రశ్న నాకు బాగా నచ్చింది. మొహమాటం ఉన్నవాళ్లు కూడా దీనికి జవాబు చెప్తారు. ఎందుకంటే విమర్శించమని అడగడం లేదు, ఎంచుకోమంటున్నాం.

## 8. వింటున్నప్పుడు, చెప్తున్నప్పుడు

ఎదురుగా కూర్చుని వినిపిస్తుంటే ముందు కథ చెప్పొద్దు. "ఇది మా ఊరి చెరువు మీద వాన పడ్డప్పుడు..." అని మొదలుపెడితే వాళ్లకు వాన వినపడుతుంది, పీస్ వినపడదు. రెండుసార్లు వినిపించండి. మొదటిసారి ఊరికే, రెండోసారి కాగితం చూస్తూ.

వాళ్లు చెప్తున్నప్పుడు సమర్థించుకోవద్దు. "అది కావాలనే అట్ల పెట్టిన" అన్న మాట నోటి దాకా వస్తుంది. ఆపుకోండి. ఆ మాట అన్నారంటే ఆ తర్వాత వాళ్లు చెప్పబోయేది ఆగిపోతుంది. కావాలనే పెట్టింది కూడా వినేవాళ్లకు తప్పుగా వినపడిందంటే ఆ సంగతి మీకు అవసరం. బార్ నంబరు, వాళ్ల మాట ఉన్నదున్నట్టుగా రాసుకోండి. అర్థం కాకపోతే ఒక్కటే అడగండి: "ఎక్కడ నుంచి ఎక్కడ దాకా?" పెద్దవాళ్లయితే వాళ్ల మాటలు రికార్డు చేసుకునే ముందు అడిగి చేసుకోండి.

## 9. వాళ్లు అన్నదానికి అర్థమేమిటి, ఏం చేయాలి

అసలు పని ఇక్కడ ఉంది. మన దగ్గర వినేవాళ్లు సాంకేతిక పదాలు వాడరు, మామూలు మాటల్లో చెప్తారు. ఆ మాట వెనక ఏ తప్పు ఉండొచ్చో వెతుక్కోవాల్సింది మీరే.

"గజిబిజిగా ఉంది", "కింద బరువుగా ఉంది". ఎడమ చేతి కార్డు మరీ కింద ఉంది. మూడు నోట్లు దగ్గర దగ్గరగా ఉన్న కార్డు, కీబోర్డు నడిమి సి (మధ్య సి) చుట్టుపక్కల శుభ్రంగా మోగుతుంది, అదే కార్డు ఒకటిన్నర ఆక్టేవ్ కిందికి పోతే నోట్లన్నీ కలిసిపోయి మొద్దుగా మోగుతుంది. కింద మూడు నోట్లు వద్దు, మొదటి నోటూ, దాని నుంచి లెక్కపెడితే ఐదో నోటూ చాలు. ఎఫ్ కార్డుకు ఎఫ్, సి. జి కార్డుకు జి, డి. మధ్య నోటును కుడి చేతికి ఇచ్చేయండి. పెడల్ తొక్కిపట్టి ఉంచారేమో కూడా చూడండి. కొత్త కార్డు మోగిన క్షణంలో పెడల్ వదిలి, వెంటనే మళ్లీ తొక్కాలి. అసలు పెడల్ లేకుండా ఒకసారి రికార్డు చేసి వింటే తప్పు చేతిదో పెడల్‌దో తేలిపోతుంది.

"ముక్కలు ముక్కలుగా ఉంది". ప్రతి కార్డుకూ ఎడమ చేయి ఎగిరి దూకుతోంది. ఇన్వర్షన్లు వాడండి, అంటే కార్డులోని నోట్లను వరుస మార్చి పట్టుకోండి. ఎ మైనర్, ఎఫ్, సి, జి అనే వరుసనే చూద్దాం. మధ్య సి కింద ఉన్న ఎ దగ్గర చేయి పెట్టండి:

- ఎ మైనర్: ఎ, సి, ఇ
- ఎఫ్: ఎ, సి, ఎఫ్ (ఇ ఒక్కటే ఎఫ్‌కు జరిగింది)
- సి: జి, సి, ఇ (సి కదల్లేదు)
- జి: జి, బి, డి (జి కదల్లేదు)

నాలుగు కార్డులు మారినా చేయి దాదాపు ఉన్నచోటే ఉంది. ఈ ఒక్క మార్పుతో పీస్ అతుక్కున్నట్టు వినిపిస్తుంది.

"ఎక్కడో విన్నట్టుంది". పైన చెప్పిన నాలుగు కార్డుల వరుస లెక్కలేనన్ని పాటల్లో ఉంది, కాబట్టి ఈ మాట రావడం సహజం. కార్డులు ఆపేసి ట్యూన్ ఒక్కటే వాయించి అదే మనిషిని మళ్లీ అడగండి. ఇప్పుడు కొత్తగా ఉందంటే సమస్య కార్డులది. జి బదులు ఇ మైనర్ పెట్టి చూడండి, లేదా ఎ మైనర్‌ను రెండు బార్లు పట్టి ఉంచి ఎఫ్, సి లను చెరో అర బార్ చేయండి. ట్యూనే విన్నట్టుందంటే స్వరాలు మార్చే ముందు మొదటి రెండు బార్ల లయ మార్చండి. ఒకటో బీట్ మీద కాకుండా అర బీట్ ఆలస్యంగా మొదలుపెట్టినా ట్యూన్ నడక మారిపోతుంది.

"ఫీల్ లేదు". ఈ మాటకు చాలామంది కుంగిపోతారు. ఎక్కువసార్లు దీని అర్థం చాలా చిన్నది: ఖాళీలు లేవు, ఎడమ చేయి కుడి చేయంత గట్టిగా ఉంది. ట్యూన్ ఎవరైనా పాడాలంటే ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అక్కడ ఒక బీట్ ఖాళీ పెట్టండి. ఎడమ చేతిని కావాలని బాగా మెత్తగా వాయించి మళ్లీ రికార్డు చేయండి.

"సప్పగా ఉంది". ట్యూన్ ప్రతి బార్‌లో కార్డు పేరు నోటు మీదే దిగుతోందేమో చూడండి. సి కార్డు మీద సి, ఎఫ్ కార్డు మీద ఎఫ్. రెండు మూడు చోట్ల మూడో నోటు మీద దించండి, సి కార్డు మీద ఇ, ఎఫ్ కార్డు మీద ఎ.

"ఎండింగ్ లేదు". చివరి కార్డు జి మీద ఆగితే ఎ మైనర్ పీస్ గాల్లో వేలాడుతుంది. చివర ఎ మైనర్‌కు తిరిగి రండి. ఇంకా గట్టిగా ముగియాలంటే దాని ముందు ఇ మేజర్ పెట్టండి, అంటే ఇ, జి షార్ప్, బి. అప్పుడు సంగీతం టీచర్ "ఇక్కడిదాకా నటభైరవి రాగం, ఇప్పుడు కీరవాణి అయింది" అనొచ్చు. సరిగ్గానే పట్టుకున్నారు, మారింది నిషాదమే ('ని'), జి పోయి జి షార్ప్ వచ్చింది. ఆ మార్పు మీకు చెవికింపుగా ఉంటే ఉంచుకోండి.

"లెంగ్త్ ఎక్కువైంది". నిమిషం పీస్‌కు ఈ మాట వస్తే తప్పు నిడివిది కాదు. ఒకటే నాలుగు బార్లు మార్పు లేకుండా నాలుగుసార్లు వచ్చాయి. మూడోసారి వచ్చినప్పుడు ట్యూన్‌ను ఒక ఆక్టేవ్ పైకి ఎత్తండి, లేదా ఎడమ చేతి కార్డును విడగొట్టి ఒక్కో నోటుగా వాయించండి.

## 10. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్తే

మిర్యాలగూడకు చెందిన ఒక డిగ్రీ విద్యార్థిని పీస్ ఎ మైనర్‌లో ఉంది, 16 బార్లు. చర్చి ప్లేయర్ విని, "కింద బరువుగా ఉంది, వెనక స్ట్రింగ్స్ పెట్టమ్మా" అన్నాడు. వీణ టీచర్, "9వ బార్ దగ్గర ట్యూన్ మాయమైంది, అక్కడ స్వరాలు ఇంకా వెయ్యి" అన్నారు. అమ్మకు వినిపిస్తే "సగం దాటినాక నిద్ర వచ్చినట్టుంది బిడ్డా" అంది. మూడు మాటలు, రెండు వేర్వేరు మందులు. ఆ అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది.

కాగితం మీద చూస్తే ముగ్గురూ చూపించింది ఒకటే చోటు, 9 నుంచి 12వ బార్ దాకా. అక్కడ ట్యూన్ మధ్య సి కిందికి దిగింది. ఎడమ చేయి కూడా మూడేసి నోట్ల కార్డులతో అక్కడే మోగుతోంది. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ట్యూన్‌ను ఒక ఆక్టేవ్ పైకి తీసుకుపోయి, ఎడమ చేతిలో రెండేసి నోట్లు ఉంచితే సరిపోయింది. స్ట్రింగ్స్ పెట్టలేదు, కొత్త స్వరాలు వేయలేదు.

వినేవాళ్లు చోటును బాగా పట్టుకుంటారు. మందు మాత్రం తమ అలవాటును బట్టి చెప్తారు. కాబట్టి ఇద్దరు ఒకే చోటు చూపించారంటే ఆ చోటును దిద్దండి, ఎలా దిద్దాలన్నది మీరు నిర్ణయించుకోండి. ఒక్కరే చూపించిన చోటు మీకు నచ్చి ఉంటే ఈసారికి వదిలేయొచ్చు. "దీన్ని ఫాస్ట్ బీట్‌లో మాస్ పాట లెక్క చెయ్యి" లాంటి సలహా వచ్చిందంటే అది ఇంకో పీస్ గురించి. థ్యాంక్స్ చెప్పి నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి.

## 11. మార్పులు చేసే వరుస

విన్న రోజే కూర్చుని అన్నీ మార్చొద్దు. ఒకటి మార్చి, రికార్డు చేసి, పాతదానితో పోల్చి విన్నాకే రెండోది. వరుస ఇలా పెట్టుకోండి: తప్పు నోట్లు, వేగం, తర్వాత ఎడమ చేయి, తర్వాత ట్యూన్, చివరగా ముగింపు. ఎడమ చేయి సర్దితే ట్యూన్ మీద వచ్చిన ఫిర్యాదులు కొన్ని వాటంతట అవే పోతాయి, అందుకే ట్యూన్‌ను ముందుగా ముట్టుకోవద్దంటున్నాను. ప్రతి మార్పు తర్వాత ఇవి చూసుకోండి:

- పాత ఫైల్ తుడిచేయలేదు. పేరు చివర తేదీ, నంబరు పెట్టారు.
- కాగితం మీద మార్చిన బార్లను వేరే రంగు పెన్నుతో రాశారు.
- మార్చాక మొత్తం పీస్ మెట్రోనోమ్‌తో మళ్లీ ఆగకుండా వచ్చింది.
- మార్పు నచ్చకపోతే వెనక్కి పోగలుగుతారు.

తేదీలున్న ఫైళ్లు ఇంకో విధంగానూ అక్కరకొస్తాయి. "నా ట్యూన్ ఎవరైనా కొట్టేస్తే?" అని భయపడి ఎవరికీ వినిపించనివాళ్లున్నారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు సొంతంగా కట్టి రాసిన సంగీతానికి హక్కు కట్టినప్పటి నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే చేయించుకోవచ్చు, సంగీత రచనకు ఫీజు 500 రూపాయలు. మొదటి పీస్‌కు తేదీలున్న రికార్డింగులు, చేతిరాత కాగితం దాచుకుంటే చాలనే నా అభిప్రాయం.

## 12. రెండో రౌండ్

మార్చిన పీస్‌ను మొదట చెప్పినవాళ్లలో ఒక్కరికే పంపండి, మీరు ఎవరి మాట ఎక్కువగా పాటించారో వాళ్లకు. "మీరు చెప్పినట్టు 9వ బార్ నుంచి ఎడమ చేయి తేలిక చేశాను" అని ఒక్క వాక్యం రాయండి. తమ మాట పనికొచ్చిందని తెలిస్తే వాళ్లు తర్వాతి పీస్‌కు ఇంకా శ్రద్ధగా వింటారు. దాంతోపాటు పీస్ ఇంతకుముందు విననివాళ్లు ఇంకొకరికి వినిపించండి. పాతవాళ్ల చెవికి పీస్ అలవాటైపోయి ఉంటుంది. కొత్త చెవికి మార్పు ముందు ఏముందో తెలియదు కాబట్టి ఉన్నదాన్నే వింటుంది. హైదరాబాద్ టీచర్ దగ్గరికి పోవాలనుకుంటే ఇదే సమయం.

రెండో రౌండ్‌లో కొత్త చోట్లు రాకుండా, వచ్చినవన్నీ ఇష్టాయిష్టాల మాటలే అయితే ఆ పీస్ గురించి అడగడం ఆపేయండి. శుభ్రమైన కాపీ ఒకటి రాసి, చివరి రికార్డింగ్ దాచి, చివరి పేజీలో రాసుకున్న సలహాల్లోంచి ఒకటి తీసుకుని రెండో పీస్ మొదలుపెట్టండి.